గీజర్ బయట, వేణ్ణీళ్లు లోపల

కార్తీకం వచ్చిందంటే మనకు తెల్లారకుండానే తలస్నానం చేసి, చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లి దీపం పెట్టుకోవాలని ఉంటుంది. ఆ చలిలో చన్నీళ్లు చూస్తేనేమో ఒళ్లు ఝల్లుమంటుంది. ఇంట్లో నలుగురుంటే ఒక్క కరెంటు గీజర్ ఎంతమందికని సరిపోతుంది? ఆ నెల బిల్లు చూస్తే గుండె గుభేలే. అందుకేగా చాలామందిమి గ్యాస్ గీజర్‌కి మారాం. కుళాయి తిప్పగానే టకటకమని అంటుకుంటుంది, నిమిషం తిరక్కుండా వేణ్ణీళ్లు. దాన్ని వద్దని చెప్పడానికి నేను రాలేదు. టీ తెచ్చుకుని ఇలా కూర్చో, ఎక్కడ పెట్టించుకోవాలో మాట్లాడుకుందాం.

మా పిన్ని కూతురు అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతోంది. మొన్న చూడ్డానికి వెళితే, “అక్కా, పొద్దున స్నానం చేసి వచ్చాక తలంతా దిమ్ముగా ఉంటోంది, లైబ్రరీలో కూర్చున్నా అక్షరం ఎక్కట్లేదు” అంది. నిద్ర చాలకనో, టిఫిన్ మానేసో అనుకుంటోంది పాపం. బాత్రూమ్ చూపించమన్నాను. నాలుగడుగులకు ఆరడుగుల గది. బకెట్ మీదుగా గోడకి గీజర్. చలి వస్తోందని పిల్లలు వెంటిలేటర్‌లో పాత పేపర్లు ఉండచుట్టి కుక్కారు. గీజర్ పైన సున్నం మీద అరచేయంత నల్లటి మసి. అది చూశాక నా కాళ్లలో సత్తువ పోయింది.

ఎందుకంటావా? ఆ చిన్న పెట్టెలో మండే మంట మన వంటింటి పెద్ద బర్నర్లు నాలుగైదింటిని ఒకేసారి వెలిగించినంత. మంటకి గాలి కావాలి. ఆ బాత్రూమ్‌లో ఉన్న గాలి మొత్తం కలిపినా అరగంట మంటకి చాలదు. అంతకు చాలా ముందే ఆక్సిజన్ పలచబడి, గ్యాస్ సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ లీకైతే ముక్కు పట్టేస్తుంది, ఎందుకంటే వాసన కోసమే అందులో మందు కలుపుతారు. దీనికి ఆ ఉపకారం కూడా లేదు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా మన రక్తాన్ని పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత కళ్లు తిరగడం, కడుపులో తిప్పడం, కాళ్లు తేలిపోవడం. గడియ తీద్దామనుకునేసరికి చెయ్యి లేవదు. 2025 అక్టోబర్‌లో మైసూరు జిల్లా పిరియాపట్నలో అక్కాచెల్లెళ్లిద్దరు ఇలాగే స్నానాల గదిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

భయపెట్టాను కదూ? ఇక మందు చెబుతాను, ఒక్క ముక్కే. మంట బయట ఉండాలి, నీళ్లు మాత్రమే లోపలికి రావాలి. పెద్ద పెద్ద హోటళ్లలో ఈతకొలను నీళ్లు కాచే గ్యాస్ హీటర్‌ని కూడా ఆరుబయటో, గాలి బాగా ఆడి పొగగొట్టం ఉన్న గదిలోనో పెడతారు. అంత పెద్దదానికున్న నియమం మన చిన్నదానికీ వర్తిస్తుంది. గీజర్‌ని బాల్కనీలోనో, వెనక వసారాలోనో గోడకి బిగించి, అక్కణ్ణుంచి వేణ్ణీళ్ల పైపు బాత్రూమ్‌లోకి లాగించు. మామూలు పీవీసీ కాదమ్మా, వేడి తట్టుకునే సీపీవీసీ అని ప్లంబర్‌కి నువ్వే చెప్పు. పైపు ఎంత పొట్టిగా ఉంటే నీళ్లు అంత వేడిగా వస్తాయి. అయితే ఒకటి, దుమ్ము పడుతోందని చుట్టూ అద్దాలు బిగించేసిన బాల్కనీ బయట కింద లెక్కకు రాదు. రెండువైపులా గాలి ఆడాలి.

మన నారాయణగూడ, చిక్కడపల్లి పాత అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కుంది. బాత్రూమ్ కిటికీలన్నీ ఒకే డక్ట్‌లోకి తెరుచుకుంటాయి. గీజర్‌ని అక్కడ వేలాడదీస్తే మన పొగ పైయింటి వాళ్ల బాత్రూమ్‌లోకి పోతుంది. వాళ్లింట్లోనూ పసిపిల్లలుంటారు కదా? డక్ట్ వద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిలే అన్న ధీమా కూడా వద్దు, అది వేసుకోవడం మర్చిపోయిన రోజు ఒకటి రాక మానదు.

సిలిండర్ సంగతికొస్తే, అదీ బయటే, నిలువుగా నిలబెట్టి. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేలమీద పరుచుకుంటుంది. అందుకే పల్లంలోనో, డ్రెయిన్ తూము పక్కనో పెట్టొద్దు. ట్యూబు నారింజ రంగు సురక్షా ట్యూబే కొను, మీటరున్నర దాటనివ్వకు, గోడలోంచి దూర్చనివ్వకు, అయిదేళ్లకోసారి మార్చేయ్. బిగించాక జాయింట్ల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో నీ కళ్లతో నువ్వే చూడు. కొనేటప్పుడు ఐఎస్ 15558 గుర్తుందో లేదో అడుగు. చవగ్గా వచ్చిందని పేరులేని సరుకు తెచ్చుకోకు. ఏటా చలి మొదలవ్వకముందే మెకానిక్‌తో బర్నర్ శుభ్రం చేయించు. మంట నీలంగా ఉంటే సరే. పసుపు తిరిగినా, పైన గోడకి మసి పట్టినా ఆ పూటే ఆపేసెయ్.

“అద్దెయిల్లు అక్కా, ఓనర్ గోడకి చిల్లు కొట్టనివ్వడు” అంటావు. తెలుసు. నెమ్మదిగా చెప్పి చూద్దాం, ప్రాణం మీదికొచ్చే విషయం వివరిస్తే కాదనేవాళ్లు తక్కువ. అప్పటిదాకా ఈ పద్ధతి పాటించు. తలుపు బార్లా తీసి గీజర్ వెయ్యి. నిమిషానికి ఆరు లీటర్ల గీజరైతే బకెట్ మూణ్ణాలుగు నిమిషాల్లో నిండుతుంది. గీజర్ ఆపు, రెగ్యులేటర్ కట్టు, రెండు నిమిషాలు గాలి ఆడనివ్వు, అప్పుడు వెళ్లి స్నానం చెయ్యి. షవర్ కింద అరగంట నిలబడే ముచ్చట ఈ గీజర్‌తో వద్దు. ఒకరి వెంట ఒకరు వెళ్లేటప్పుడు మధ్యలో తలుపు మూయొద్దు.

లోపల ఎవరైనా పిలిచినా పలక్కపోతే ఆలోచిస్తూ నిలబడకు. తలుపు తోసి, గ్యాస్ కట్టేసి, బయట గాలిలోకి తీసుకొచ్చి 108కి ఫోన్ చెయ్యి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ 98 చూపించినా నమ్మొద్దు, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ అనే అనుకుంటుంది. డాక్టర్‌కి ముందుగా చెప్పాల్సిన మాట “గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూమ్‌లో పడిపోయింది” అని. గ్యాస్ వాసనే వస్తే మాత్రం స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టి, కిటికీలు తెరిచి, ఇంట్లోంచి బయటికొచ్చి 1906కి చెప్పు.

మా చెల్లి హాస్టల్లో ఆ రోజు పేపర్లు నేనే పీకేశాను. వార్డెన్ అత్తమ్మని పిలిచి మసి చూపిస్తే ఆవిడ నోట మాట రాలేదు. వారంలోపే గీజర్ వెనక వసారాలోకి వచ్చింది. చెల్లికి దిమ్ము తగ్గింది, ఇప్పుడు ఫోన్‌లో పాఠాల గురించే మాట్లాడుతోంది.

టీ చల్లారిపోతోంది, తాగేసెయ్. తాగి లేచి మీ బాత్రూమ్ వెంటిలేటర్ ఓసారి చూసి రా. కాగితమో గుడ్డో కుక్కి ఉంటే ఇవాళే తీసెయ్, తల్లీ.