యూరియా బస్తా మీది 46 ఎలా వచ్చింది?

రామప్ప, లక్నవరం చెరువుల కింద నాట్లు పడ్డాయంటే ములుగు పల్లెల్లో ఎక్కడ విన్నా యూరియా మాటే. బస్తా మీద 46 శాతం నత్రజని అని ఉంటుంది. ఆ అంకెను హైస్కూలు పిల్లలే కాగితం మీద తేల్చగలరు. కావలసింది యూరియా మోలార్ ద్రవ్యరాశి.

ముందు ఫార్ములా రాసుకోండి: సీఓ, పక్కన బ్రాకెట్లో ఎన్‌హెచ్2, బ్రాకెట్ బయట మరో 2. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బయటి 2 బ్రాకెట్లోని ప్రతి పరమాణువుకూ వర్తిస్తుంది. కాబట్టి నైట్రోజన్లు 2, హైడ్రోజన్లు 4. కార్బన్, ఆక్సిజన్ బ్రాకెట్ బయట ఉన్నాయి కనుక ఒక్కొక్కటే. మొత్తం 8 పరమాణువులు. ఈ 8 సరిపోలేదంటే తర్వాతి లెక్కంతా వృథా.

ఇక ఆవర్తన పట్టికలోంచి పరమాణు ద్రవ్యరాశులు తీసి సంఖ్యతో గుణించాలి. కార్బన్ 12.011. ఆక్సిజన్ 15.999. నైట్రోజన్ 14.007 రెండుసార్లు, 28.014. హైడ్రోజన్ 1.008 నాలుగుసార్లు, 4.032. కూడితే 60.056. అంటే ఒక మోల్ యూరియా, 6.022 × 10²³ అణువులు, 60.056 గ్రాములు తూగుతుంది.

1828లో రసాయన శాస్త్రవేత్త వోలర్ అమ్మోనియం సయనేట్ నుంచి యూరియా తయారుచేశాడు. ఆ రెండింటిలోనూ అవే 8 పరమాణువులు, మోలార్ ద్రవ్యరాశీ ఒక్కటే; అమరిక మాత్రం వేరు. అందుకే ఈ అంకె ఒక్కటి చూసి పదార్థం ఏదో చెప్పేయకూడదు.

ఇప్పుడు నైట్రోజన్ (నత్రజని) వాటా 28.014ను మోలార్ ద్రవ్యరాశి 60.056తో భాగించి 100తో గుణిస్తే 46.6. ఇది స్వచ్ఛమైన యూరియాకు. బస్తాలోని సరుకులో కొంచెం తేమ, బైయూరెట్ అనే మలినం, వేపనూనె పూత ఉంటాయి, అందుకే 46.

45 కిలోల బస్తాలో నత్రజని 20.7 కిలోలు. ఎకరాకు 40 కిలోల నత్రజని వేయమంటే 40ని 0.46తో భాగించండి: సుమారు 87 కిలోల యూరియా. రెండు బస్తాలు చాలు, మూడోది అక్కర్లేదు.

డీఏపీ బస్తా మీద 18-46 చూసి అందులోనూ నత్రజని 46 అనుకోకండి. అక్కడ నత్రజని 18 శాతమే, 46 భాస్వరానిది, అదీ P₂O₅ రూపంలో వేసిన లెక్క.