చావు కబురు తప్పని తేలితే: డార్క్ కామెడీకి పాత్రలు ఎలా రాయాలి?

ప్రాణాంతక రోగం కథలంటే మనకు వెంటనే ‘ప్రేమాభిషేకం’ (1981), ‘గీతాంజలి’ (1989) గుర్తొస్తాయి. రోగమే లేదని, రిపోర్టు తప్పని తేలే కథలది వేరే దారి. హాలీవుడ్డూ బ్రిటిష్ సినిమా రంగమూ వాటిని ఎన్నో దశాబ్దాలుగా తీస్తూనే ఉన్నాయి. షార్ట్ ఫిల్మో నాటికో రాద్దామని ఈ కథ ఎత్తుకునే కొత్తవాళ్లు ముందు ట్విస్టు ఆలోచిస్తారు. దాన్ని పక్కన పెట్టి పాత్రలతో మొదలుపెట్టండి.

మొదటి పని: కబురు అందకముందు మీ మనిషి ఎలా బతుకుతున్నాడో రాసుకోండి. ‘లాస్ట్ హాలిడే’ (1950)లో అలెక్ గిన్నెస్ వేసిన జార్జ్ బర్డ్ వ్యవసాయ పనిముట్లు అమ్ముకునే ఒంటరివాడు. కొద్దికాలంలో పోతావని చెప్పగానే దాచుకున్న డబ్బంతా తీసి పెద్దవాళ్లు దిగే హోటల్లో దిగుతాడు. ‘సెండ్ మీ నో ఫ్లవర్స్’ (1964)లో రాక్ హడ్సన్ వేసిన జార్జ్ రోజుకో రోగం ఊహించుకునే భయస్తుడు. డాక్టరు ఫోన్లో ఇంకెవరి గురించో మాట్లాడుతుంటే విని, అది తన గురించే అనుకుంటాడు. కబురు ఒకటే అయినా ఒకడు ఖర్చుకు దిగాడు, ఇంకొకడు తన తర్వాత భార్యకు మొగుణ్ని వెతికే పనిలో పడ్డాడు. అతను శ్మశానంలో మూడు స్థలాలు కొంటాడు: తనకు, భార్యకు, ఆమె రాబోయే భర్తకు! ముందుజాగ్రత్త అతని స్వభావం కాబట్టే మనకు నవ్వొస్తుంది. కథానాయకుడు ఇన్నాళ్లూ దేన్ని వాయిదా వేశాడో, దేనికి భయపడ్డాడో తేలకుండా రెండో సీను రాయకండి.

రెండో పని: నిజం ఎవరికి ఎప్పుడు తెలుస్తుందో ఒక కాగితం మీద గీసుకోండి. ఇక్కడ తొందరపడొద్దు, సినిమా రంగు మారేది ఇక్కడే. ‘నథింగ్ సేక్రెడ్’ (1937)లో హేజెల్ ఫ్లాగ్‌కు రేడియం విషం ఎక్కిందని చెప్పిన డాక్టరే, అది పొరపాటని మొదట్లోనే చెప్పేస్తాడు. ఆమె మాత్రం తన చిన్న ఊరు వదిలి న్యూయార్క్ చూడాలన్న ఆశతో ఆ మాట దాచి, పత్రికవాళ్లతో బయల్దేరుతుంది. నగరమంతా ఆమె కోసం కన్నీరు పెడుతుంది, పేపర్లు అమ్ముడవుతాయి. నిజం కథానాయికకు ముందే తెలియడంతో అది మోసం కథ అయింది. ‘షార్ట్ టైమ్’ (1990) దీనికి తలకిందులుగా ఉంటుంది. తన రక్తంలో మత్తు బయటపడకూడదని ఒక బస్సు డ్రైవరు తన నమూనాను ఒక పోలీసు నమూనాతో మార్చేస్తాడు. రిటైర్ కాబోతున్న ఆ పోలీసు తాను పోతానని నమ్మి, ఇంట్లోవాళ్లకు బీమా డబ్బు రావాలని డ్యూటీలోనే చావడానికి తూటాలకు ఎదురెళతాడు. ప్రేక్షకుడికి తెలుసు, అతనికి తెలియదు.

ఈ ‘షార్ట్ టైమ్’ ఏర్పాటులో ఇంకో చురక ఉంది. రిపోర్టులు తారుమారైతే అసలు రోగి ఎవరో ఒకరు ఉంటారు కదా! ఆ మనిషి తనకేమీ లేదనుకుని హాయిగా తిరుగుతుంటాడు. చాలామంది రచయితలు అతణ్ని మరిచిపోతారు. నా లెక్కలో ఈ కథకు అసలైన నలుపు అతనిలోనే ఉంది. కనీసం ఒక్క సీనైనా ఇవ్వండి.

డాక్టరును విదూషకుణ్ని చేయొద్దు. చిన్న పొరపాటు చాలు: పేర్లు కలిశాయి, లేబుల్ మారింది. అంతకంటే గట్టి చిక్కు ఒకటుంది. “రెండో డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లలేదు?” అని ప్రేక్షకుడు అడుగుతాడు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కథ పెడితే తప్పకుండా అడుగుతాడు, ఎందుకంటే చుట్టాల్లో ఎవరో ఒకరు ఇంకో పెద్ద డాక్టరు పేరు చెప్పకమానరు. జవాబు పాత్రలోంచే రావాలి. పిసినారి అయితే మళ్లీ టెస్టులకు డబ్బు పెట్టడు. అభిమానం గలవాడైతే ఇంట్లో చెప్పడు కాబట్టి సలహా ఇచ్చేవాళ్లే ఉండరు. కూతురి సంబంధం చెడిపోతుందని భయపడే తండ్రి ఫైలు బీరువాలో పెట్టి తాళం వేస్తాడు.

ఇక చుట్టూ ఉన్నవాళ్లు. ఇతను పోతే ఒక్కొక్కరికి ఏం మిగులుతుంది, ఏం పోతుంది అని రాసుకోండి. చేబదులు తీసుకున్న మిత్రుడికి బాకీ పోతుంది, కాబట్టి అతని ఏడుపులో ఎక్కడో ఊరట వినిపించాలి. చీటీలకు హామీ సంతకం పెట్టిన బావమరిదికి నిద్ర పట్టదు. అందరూ స్వార్థపరులే అయితే మాత్రం కథ విసుగొస్తుంది. నిజంగా తల్లడిల్లేవాళ్లు ఒకరుండాలి. ‘సెండ్ మీ నో ఫ్లవర్స్’లో పక్కింటి ఆర్నాల్డ్ దుఃఖం ఆపుకోలేక తాగుతూనే ఉంటాడు. అతని బాధ నిజం, కారణం మాత్రం లేదు.

నిజం బయటపడ్డాక “అమ్మయ్య” అని తెర దించేయకండి. అన్న మాటలు, పంచేసిన ఆస్తి, వదిలేసిన ఉద్యోగం అలాగే ఉంటాయి. ‘లాస్ట్ హాలిడే’లో జార్జ్ బర్డ్‌కు తనకు రోగం లేదని తెలుస్తుంది, ఆ సంతోషంలో ఉండగానే కారు ప్రమాదంలో పోతాడు. అంత కఠినంగా ముగించే ధైర్యం అందరికీ ఉండదు, అక్కర్లేదు కూడా. బతికినందుకు అప్పు తీర్చాల్సి రావడం కూడా మంచి ముగింపే.

రాయడం మొదలుపెట్టే ముందు రెండో డాక్టరు ప్రశ్నకు ఒక పేజీ జవాబు రాసి, ఎవరికైనా చదివి వినిపించండి. వాళ్లు నమ్మకపోతే పాత్ర ఇంకా తయారు కాలేదన్నమాట. ఆ పేజీ మళ్లీ రాయండి.