కుక్కకి తీపి పెట్టే ముందు

1. గురువారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర కాసేపు నిలబడండి. కోవా ముక్క సగం నోట్లో వేసుకుని, మిగతాది పక్కనున్న కుక్కకి పెట్టేవాళ్లు కనిపిస్తారు. ఆ కాస్త కోవాకి కుక్క చావదు. చక్కెర దానికి విషం కాదు. పిల్లికి తీపి రుచే తెలియదు గానీ కుక్కకి బాగా తెలుసు, అందుకే మరుగుతుంది. చూడాల్సింది తీపితో పాటు లోపలికి పోయేవాటిని.

2. బూందీ లడ్డూ విరిస్తే జీడిపప్పు పక్కన నేతిలో ఉబ్బిన కిస్‌మిస్ ఉంటుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎన్ని తింటే ప్రమాదమో ముందే చెప్పలేం; ఒక కుక్కకి ఏమీ కాదు, ఇంకోటి మంచం పడుతుంది. సేమ్యా పాయసం, డబుల్ కా మీఠా, రవ్వకేసరి అన్నిట్లోనూ కిస్‌మిస్ వేస్తారు. "ఏరేసి పెడతాం తాతా" అంటారు పిల్లలు. మరి నెయ్యి? కొవ్వు ఎక్కువైతే క్లోమం వాస్తుంది. దీపావళి మర్నాడు వాంతులు అందుకే.

3. చాక్లెట్ అసలు వద్దు. అందులోని థియోబ్రోమిన్‌ని కుక్క ఒళ్లు త్వరగా వదిలించుకోలేదు. డార్క్ చాక్లెట్ మరీ ప్రమాదం: గుండె దడ, ఫిట్స్.

4. అన్నిటికంటే నాకు భయం షుగర్‌ఫ్రీ సరుకు. మన కాలనీల్లో షుగర్ జబ్బు లేని ఇల్లు తక్కువ, ఆ చూయింగ్ గమ్ములు, బిళ్లలు బల్ల మీదే పడుంటాయి. చక్కెర లేదు కదా, కుక్కకి ఇంకా మంచిదేమో అనిపిస్తుంది. కొన్నిట్లో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు. మనిషికి అలాంటి ప్రమాదం లేదు. కుక్క ఒంట్లో మాత్రం ఇన్సులిన్ ఒక్కసారిగా ఊరి, గంటలోపే రక్తంలో చక్కెర పడిపోవచ్చు, తూలుతుంది, కూలబడుతుంది. ఎక్కువ తింటే కాలేయం పోతుంది. లేబుల్ మీద 967 అంకె ఉన్నా అదే సరుకు.

5. తీపి పెడితే కడుపులో పురుగులు పడతాయంటారు. పురుగుల గుడ్లు మట్టిలోంచి, మలంలోంచి వస్తాయి, కొన్ని గోమార్ల వల్ల. కోవాలోంచి కాదు.

6. సరూర్‌నగర్ చెరువు దగ్గర పొద్దున్నే నడిచేవాళ్లు వీధికుక్కలకి బిస్కెట్లు వేస్తుంటారు. దయ మంచిదే. కానీ అది మైదా, చక్కెర, పామాయిల్. ఒకటీ అరా పర్వాలేదు, రోజూ అదే తిండి కాకూడదు. ఉప్పూ ఉల్లీ లేకుండా అన్నంలో ఉడికించిన గుడ్డు కలిపి పెట్టండి. చోటు కూడా ముఖ్యం: 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పిల్లలు ఆడుకునే చోటా, మెట్ల దగ్గరా, గేటు దగ్గరా పెట్టకూడదు. చోటు చూపాల్సింది కాలనీ సంఘం లేదా ఆ ప్రాంత స్థానిక సంస్థ ప్రతినిధి.

7. కుక్క కిస్‌మిస్, చాక్లెట్, జైలిటాల్ లాంటివి తినేసిందంటే ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి, ఉప్పే ప్రాణం తీస్తుంది. ర్యాపర్ జేబులో వేసుకుని, దగ్గర్లోని పశువైద్యుడికి ఫోన్ చేసి బయల్దేరండి. ఎల్బీ నగర్ చౌరస్తా ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఎంతసేపో తెలియదు కదా. జైలిటాల్ తిని తూలుతుంటే దారిలో చిగుళ్లకి కాస్త తేనో చక్కెర పాకమో రాయండి. అప్పుడు మాత్రం తీపే మందు. స్పృహ లేకపోతే గొంతులో ఏదీ పోయకండి.