చూడకముందే చూపు నేర్చే కన్ను

పహాడీ షరీఫ్ గుట్టమీద దర్గా దగ్గర నిలబడితే, 2008 నుంచి శంషాబాదులో దిగే విమానాలు కనబడతాయి. అవి ఎటు పోతున్నాయో చెప్పేది మెదడేనని మన నమ్మకం. కాని ఎన్నో జంతువులలో ఆ లెక్క కంటి వెనుకనున్న రెటీనాలోనే తేలిపోతుంది. కుందేలు రెటీనాలో కొన్ని కణాలు ఒక దిక్కు కదలికకు పలుకుతాయి, ఎదురు దిక్కుకు నోరెత్తవు. బార్లో, లెవిక్ అనే శాస్త్రజ్ఞులు 1965లో దీని కిటుకు వివరించారు: ఎదురు దిక్కున అడ్డుకునే సంకేతం ముందే వచ్చి కణాన్ని ఆపేస్తుంది.

మరి ఈ అల్లిక ఎప్పుడు జరుగుతుంది? చిట్టెలుక పిల్ల కళ్లు తెరిచేది సుమారు రెండు వారాలకు. మొదటి వారం చివర నక్షత్రాకారపు కణాలు రెండు పక్కలా సమానంగానే అడ్డుపడతాయి. రెండో వారంలో ఒక పక్క అడ్డు బలపడుతుంది. ఈ సంగతి 2011లో తేలింది. చిత్రమేమంటే, అప్పటికి రెప్పలు మూసే ఉంటాయి! ఆ చీకట్లోనే రెటీనాలో విద్యుత్తరంగాలు వాటంతటవే లేస్తుంటాయి. ముందుకు నడిచే జంతువుకు లోకం వెనక్కి జరిగినట్టే అవీ సాగుతాయని 2021లో యేల్ విశ్వవిద్యాలయంవారు చూపారు.

ఇదంతా ఎలుకల గొడవేనా? కాదండీ. ఎఫ్.ఆర్.ఎం.డి.7 అనే జన్యువు చెడితే చిట్టెలుక రెటీనాకు అడ్డంగా సాగే కదలిక దిక్కు తెలియదు, నిలువు కదలిక మాత్రం తెలుస్తుంది. అదే జన్యువు చెడిన పసిపిల్లలకు కనుగుడ్లు అడ్డంగా ఊగుతుంటాయి. "పెద్దయితే సర్దుకుంటుందిలే" అని ఇంట్లో ఊరుకుంటే, ఆ పిల్లవాడు బళ్లో బోర్డు సరిగా కనబడక మొద్దు అనిపించుకుంటాడు.