పశువుల తొట్టికి తనంతట నిండు నీరు: ఊరి నల్లాకు కీడు రాని పద్ధతి

భువనగిరి కొండ నెక్కినవారు అచటి బండపై వాన నీటిని నిలుపుటకు పూర్వులు ఏర్పరచిన గుండములను చూచియుందురు. వర్షకాలమున నిండుట, వేసవిలో తరుగుట వాని స్వభావము. తరిగిన నీటిని మరల నింపు ఉపాయము ఆనాటి వారికి లేకుండెను. నేడు మన గ్రామములకు గొట్టముల ద్వారా నీరు వచ్చుచున్నది. తొట్టిలో తరిగిన నీటిని మనుష్యుని సాయము లేకయే నింపుకొనవచ్చును. కాని ఈ సౌకర్యమును తెలిసి అమర్చుకొననిచో, పశువుల తొట్టిలోని మురికి నీరే మన ఇండ్ల బిందెలలోనికి చేరగలదు. పంచాయతీ సభ్యులు ఈ సంగతిని తప్పక గ్రహింపవలెను.

తొట్టికి నల్లా నీరు ఎందుకు?

పూర్వపు నల్లగొండ జిల్లాలోని పలు గ్రామములలో బోరుబావుల నీటిలో ఫ్లోరైడు హెచ్చుగా నున్నది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అట్టి నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి పండ్లు గారపట్టును, ఎముకలు వంగును. మనుష్యులకు వచ్చు ఈ బాధ పశువులకును వచ్చును. ఈ కష్టమును తీర్చుటకే కృష్ణా, గోదావరి జలములను గ్రామములకు తెచ్చు నీటి గ్రిడ్డు పథకము తలపెట్టబడినది. 2015 జూన్ 8వ తేదీన మన చౌటుప్పలులోనే దాని పైలాను ఆవిష్కరింపబడినది. అదియే మిషన్ భగీరథగా ప్రసిద్ధికెక్కినది.

కావున బోరు నీరు మంచిది కాని గ్రామములలో పశువుల తొట్టికి నల్లా నీటిని పట్టుట సమంజసమే. మూడు మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల లోతు గల తొట్టిలో 810 లీటర్ల నీరు పట్టును. పాలిచ్చు గేదె వేసవిలో దినమునకు సుమారు 60 లీటర్లు త్రాగునని లెక్కించినచో, ఈ నీరు పదమూడు గేదెలకు సరిపోవును. ఇది గాక మే నెల ఎండలకు తొట్టి నీరు దినమునకు సుమారు ఒక సెంటీమీటరు ఆవిరియగును. అనగా ఈ తొట్టిలో 18 లీటర్లు ఎవరును త్రాగకయే పోవును. ఇట్లు తరుగు నీటిని చేతితో నింపుచుండుట ఎవరి పని? అందరి పనియని అనుకొన్నచో ఎవరి పనియు కాదు. మిట్టమధ్యాహ్నమున మంద వచ్చువేళకు తొట్టి ఎండియుండును.

తేలుబంతి చేయు పని

ఈ చిక్కునకు విరుగుడు ఫ్లోటు వాల్వు. నీటిపై తేలు ఒక బంతి, ఆ బంతికి ఒక కాడ, కాడ చివర చిన్న కుళాయి: దీనిలో నున్నది ఇంతే. నీరు తరిగినప్పుడు బంతి దిగును, కుళాయి తెరచుకొనును. నీరు నిండినప్పుడు బంతి లేచును, కుళాయి మూసికొనును. ఈ ఉపాయము క్రొత్తది కాదు. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమందలి క్టెసీబియస్ అను శిల్పి తన నీటి గడియారమునందు నీటి మట్టము మారకుండుటకు ఇట్టి తేలు సాధనమునే వాడెను. నేడు పట్టణములలో గాజుతొట్టిలో చేపలు పెంచువారు ఆవిరియైన నీటిని భర్తీ చేయుటకును దీనినే వాడుచున్నారు. వారికిని మనకును ఉన్న భయము ఒక్కటే: ముందునకు పోవలసిన నీరు వెనుకకు మరలుట.

నీరు వెనుకకు ఎట్లు పోవును?

భువనగిరికి చేరువనున్న ఒక గ్రామములో ఈ వ్యాసకర్త చూచిన సంగతి యిది. అచట పశువుల తొట్టి మిట్టన, అంగన్‌వాడి ప్రక్కన ఉన్నది. తొట్టిలో నీరు పడు చప్పుడునకు పిల్లలు నిదుర లేచుచున్నారని ఒకరు నల్లాకు రబ్బరు గొట్టమును తొడిగి, దాని కొనను తొట్టి అడుగునకు దింపిరి. చప్పుడు ఆగినది. అందరును మెచ్చుకొనిరి. కొన్ని దినములకు దిగువ వీధిలో ఒక ఇల్లాలు నల్లా విప్పగా బిందెలో గడ్డిపరకలు, పాచి పడినవి. "నల్లాల గడ్డి యెట్ల వచ్చె సారూ?" అని ఆమె అడిగినది. ఆ ఇంటి పసివాడు అప్పటికి రెండు దినములుగా విరేచనములతో బాధపడుచుండెను. ఆ జబ్బు ఆ నీటి వలననే వచ్చినదని తేల్చి చెప్పుటకు వీలులేదు. కాని తొట్టి నీరు ఆ బిందెలోనికి వచ్చిన త్రోవ మాత్రము స్పష్టము.

గ్రామములలో నల్లా నీరు దినమంతయు రాదు. వాటర్‌మన్ వాల్వు కట్టివేసిన పిదప గొట్టములో మిగిలిన నీరు దిగువ వీధులకు జారును. దిగువవారు నల్లాలు విప్పియుంచినచో, లేదా నల్లాకు మోటారు బిగించి లాగినచో, మిట్టనున్న గొట్టములో గాలి కూడ లేని వెలితి యేర్పడును. ఆ వెలితి ఎచట నీరు దొరకినను పీల్చుకొనును. మిట్టనున్న తొట్టిలో గొట్టపు కొన మునిగియున్నది గదా! తొట్టి నీరు ఆ కొన ద్వారా ఊరి గొట్టములోనికి పోయినది. దీనినే సైఫను అందురు. మరునాడు నీరు విడువగా అదియే దిగువ బిందెలకు చేరినది.

సభలో చేసి చూపదగిన పరీక్ష

నమ్మకము కలుగనివారు ఈ పరీక్షను చేసి చూడవచ్చును. ఒక బిందెను బల్లపైనను, మరియొక దానిని నేలపైనను ఉంచుడు. పై బిందెలో నీరు పోసి కొంచెము పసుపు కలుపుడు. మూరెడు పొడవు చాలదు; మూడు మూరల రబ్బరు గొట్టమును నీటితో నింపి, ఒక కొనను పసుపు నీటిలో ముంచి, రెండవ కొనను క్రింది బిందెలోనికి విడువుడు. పసుపు నీరు బిందె అంచు మీదుగా ఎక్కి క్రిందికి దిగును. ఇప్పుడు పై కొనను నీటి నుండి రెండు వ్రేళ్ల యెత్తునకు లేపుడు. గొట్టములోనికి గాలి పోవును. నీరు తక్షణమే ఆగును. నీటికిని గొట్టపు కొనకును నడుమ రెండు వ్రేళ్ల గాలి యున్నచో మురికి నీరు వెనుకకు పోజాలదు. ఈ పాఠమంతటికిని సారము ఇదియే.

పెద్ద నగరములు కూడ దీనిని మరచి నష్టపడినవి. 1933లో అమెరికాలోని చికాగో నగరమున ప్రపంచ ప్రదర్శనము జరుగుచుండగా, రెండు హోటళ్లలోని గొట్టముల లోపము వలన మురికి నీరు త్రాగు నీటిలో కలసినది. దాని వలన అమీబా విరేచనములు వ్యాపించి 98 మంది మరణించిరి. అటు పిమ్మట గొట్టముల అమరికకు కఠిన నియమములు ఏర్పడుటకు ఆ దుర్ఘటన ప్రేరకమైనది.

తొట్టిని అమర్చు విధము

మొదటిది, ఊరి గొట్టమును నేరుగా తొట్టికి కలుపవలదు. నడుమ 500 లీటర్ల చిన్న ట్యాంకు నొకదానిని తొట్టి అంచు కంటె కనీసము ఒక మీటరు ఎత్తున గట్టి దిమ్మెపై నిలుపవలెను. నల్లా నీరు వచ్చువేళ ఈ ట్యాంకు నిండును. తక్కిన దినమంతయు తొట్టికి కావలసినంత నీటిని ఇదియే ఇచ్చును. దీని వలన రెండు లాభములు. తొట్టి నీటికిని ఊరి గొట్టమునకును సంబంధము తెగిపోవును. తేలుబంతి ఎప్పుడైన చిక్కుకొని రాత్రియంతయు నీరు పారినను, పోవునది ఆ ట్యాంకులోని నీరే గాని ఊరి నీరంతయు కాదు.

రెండవది, ట్యాంకులోనికి నీరు వదలు గొట్టపు కొన, ట్యాంకు పొర్లు మట్టమునకు 5 సెంటీమీటర్లు పైన ఉండవలెను. గొట్టపు వ్యాసమునకు రెండింతలు, ఎట్టి పరిస్థితిలోను 25 మిల్లీమీటర్లకు తగ్గని ఖాళీ యుండవలెనని వాడుకలో నున్న నియమము. అర అంగుళపు గొట్టమునకు 5 సెంటీమీటర్లు ధారాళముగా చాలును. ఈ ఖాళీని మామూలు నీటి మట్టము నుండి కొలువరాదు. నీరు పొర్లిపోవు మట్టము నుండి కొలువవలెను. తేలుబంతి చెడినప్పుడు నీరు ఆ మట్టము వరకు లేచును గదా!

మూడవది, పొర్లు గొట్టము నీరు వచ్చు గొట్టము కంటె లావుగా నుండవలెను. వచ్చునది అర అంగుళమైనచో పోవునది ఒకటిన్నర అంగుళము ఉండుట మేలు. పొర్లిన నీరు వీధిలో బురద కాకుండ ఇంకుడు గుంతలోనికి పోవునట్లు చూడవలెను.

నాల్గవది, ట్యాంకు అడుగు నుండి తొట్టికి గొట్టము వేసి, దాని చివర ఫ్లోటు వాల్వును బిగింపవలెను. తొట్టి ఒక చివర జానెడు వెడల్పు గది కట్టి, అడ్డుగోడ అడుగున ఒక రంధ్రము విడిచి, ఆ గదిలో తేలుబంతిని ఉంచి పైన మూత వేయవలెను. గేదెల కొమ్ములు, పిల్లల చేతులు బంతికి తగులవు. ఇచటను వాల్వు నోరు పొర్లు మట్టమునకు పైననే యుండవలెను.

కొందరు మేస్త్రీలు గొట్టపు వంపులో, నీటికి పైభాగమున, చిన్న రంధ్రము చేసిన చాలునందురు. ఆ రంధ్రము గుండ గాలి పోయి సైఫను తెగుట నిజమే. కాని సున్నపు పొరతోనో పాచితోనో అది పూడిపోవచ్చును. దానిని అదనపు రక్షణగా ఉంచుకొనవచ్చును గాని, గాలి ఖాళీకి బదులుగా నమ్మరాదు.

చప్పుడు మాట ఏమి?

అంగన్‌వాడి ప్రక్కన చప్పుడు వలదనుట న్యాయమే. దానికి గొట్టమును ముంచుట మాత్రము మార్గము కాదు. చప్పుడునకు కారణములు మూడు. ఊరి గొట్టపు ఒత్తిడితో నీరు సన్నని సందున దూకుట మొదటిది. చిన్న ట్యాంకు నుండి వచ్చు నీటికి ఒత్తిడి తక్కువ గనుక ఈ బుస దానంతట తగ్గును. నీరు నీటిపై పడుట రెండవది. వాల్వు నోటి క్రింద ఒక నున్నని రాతిపలకను ఏటవాలుగా నిలిపినచో నీరు దానిమీదుగా జారి నిశ్శబ్దముగా దిగును. పశువులు మూతి ముంచినప్పుడు లేచు అలలకు బంతి ఎగిరిపడి వాల్వు టకటక కొట్టుకొనుట మూడవది. బంతికి వేరు గది యున్నచో అలలు దానిని చేరవు.

పంచాయతీ చేయవలసినది

వారమునకు ఒకసారి తొట్టిని ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టవలెను. దోమ గ్రుడ్డు నుండి రెక్కల దోమ వెలువడుటకు వారము పదిదినములు పట్టును గనుక, ఈ ఒక్క పనితో దోమల పెంపును అరికట్టవచ్చును. అప్పుడే బంతిని చేతితో అదిమి, వాల్వు తెరచుకొనుచున్నదా, విడిచినంతనే మూసికొనుచున్నదా అని చూడవలెను. నీరు చుక్కలుగా కారుచున్నచో వాషరు మార్పింపవలెను. ట్యాంకుపై "పశువులకు మాత్రమే" అని పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.

తొట్టి ఒక్కటి సరియైన చాలదు. ఇండ్లలోని గాబులు, గోలెములలోను రబ్బరు గొట్టములు మునిగియుండుట మనము నిత్యము చూచునదే. అచటను ఇదే ప్రమాదము కలదు. సభ్యులు తమ తమ వార్డులలో నీరు వచ్చు వేళ ఒకమారు తిరిగి, మునిగిన గొట్టములను పైకి తీయింపవలెను. నల్లాలకు బిగించిన మోటార్లను తొలగింపుమని నచ్చజెప్పవలెను. గ్రామసభలో బిందెల పరీక్షను చేసి చూపినచో పది ఉపన్యాసముల కంటె అది ఎక్కువ పని చేయును.

ఎన్నో కోసుల దూరము నుండి శుభ్రపరచిన నీరు మన ఊరికి వచ్చుచున్నది. ఆ నీరు మన గడపలో చెడకుండ కాపాడుటకు కావలసినది రెండు వ్రేళ్ల ఖాళీ. దీనికి రూకలు అక్కరలేదు, చూపు కావలెను. రేపు ఉదయము నీరు విడుచువేళ మీ ఊరి తొట్టి కడకు వెళ్లి గొట్టపు కొన ఎచట నున్నదో చూడుడు.