నాచులో నూనె

రొద్దం పెన్న ఒడ్డున ఉంది. ఏటిలో నీళ్లు పారే రోజులు తక్కువ. ఇంటి వాడకం నీళ్లు మాత్రం రోజూ మోరీలో పారుతాయి. అవి నిలిచిన చోట పచ్చగా నాచు పడుతుంది. కాలు జారేది దాని మీదే.

ఆ నాచులో కొన్ని రకాలు నూనెను దాచుకుంటాయి. చేనుకు పేడ ఎరువు ఎలాగో, నాచుకు మురికినీరు అలాగ. మురికిలోని సత్తువను తీసుకుని, ఎండకు పెరుగుతుంది. నీటిలో మురికి తగ్గుతుంది. నాచు నూనెను మార్చి డీజిల్ లాగా ఇంజన్లలో వాడవచ్చు. హైదరాబాదులో ఐ.ఐ.సి.టి. అనే సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు మురికినీటిలోనే నాచు పెంచి చూశారు.

"మరి బంకులో ఎందుకమ్మరే?" అని ఒక అత్త కోడలిని అడిగింది.

"నీళ్లల్లో నాచు పల్చగా ఉంటుందత్తా. వడగట్టాల, ఎండబెట్టాల, నూనె తీయాల. వచ్చే నూనె కన్నా ఖర్చే ఎక్కువ."

కోడలి మాట నిజమే. అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 వరకు ఈ పని చేయించింది. నాచు నూనె డీజిల్ కన్నా ఖరీదే పడింది.

మోరీ నీళ్లు గుంటలో నిలిస్తే పది రోజుల్లో దోమలు లేస్తాయి. అరటి పాదుకు మళ్లిస్తే చెట్టు గెల వేస్తుంది.