చికాగోకు నయాపుల్ మీదుగా వెళ్లండి

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే పాతబస్తీలో శాలిబండ, లాల్‌దర్వాజ, ఫలక్‌నుమా వైపు నుంచి నా దగ్గరికి సలహాకు వచ్చే కుటుంబాల నోట ఈమధ్య ఒకటే పాట. పిల్లవాణ్ని ఇప్పుడే అమెరికా పంపేస్తారట. మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చౌకగా చదివిస్తారట. ఆ క్రెడిట్లన్నీ మూటగట్టుకుని తిన్నగా ప్రభుత్వ యూనివర్సిటీలో మూడో ఏడాదిలో కూర్చుంటాడట. ఈ లెక్క కట్టి ఇచ్చింది చికాగోలో డెవాన్ అవెన్యూ దగ్గరుండే మామూనో, హ్యూస్టన్‌లో స్థిరపడిన మేనమామో అయి ఉంటారు. "ఆడ రెండేండ్లు సస్తాల అయిపోతది సార్. పట్టా మీద మాత్రం పెద్ద యూనివర్సిటీ పేరే పడతది" అంటాడు తండ్రి. పక్కన కూర్చున్న పిల్లవాడు నోరు విప్పడు.

మామూ అబద్ధం చెప్పలేదు. తన పిల్లల సంగతి చెప్పాడు, అంతే. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు నడిచేది చాలావరకు స్థానిక పన్నులు, రాష్ట్ర ప్రభుత్వ నిధుల మీద. అందుకని ఆ పన్ను కట్టే ఊరివాళ్ల పిల్లలకు ఒక ఫీజు, అదే రాష్ట్రంలో వేరే జిల్లావాళ్లకు అంతకంటే ఎక్కువ, మన పిల్లవాడిలా ఎఫ్-1 విద్యార్థి వీసా మీద దిగినవాళ్లకు దాదాపు ప్రతిచోటా అన్నిటికన్నా పెద్ద ఫీజు. మామూ పిల్లలు అక్కడి పౌరులు. ఇంటి దగ్గర తింటూ, ఊరి ఫీజు కడుతూ, ఆదాయం తక్కువైతే ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు తీసుకుంటూ చదివారు. ఎఫ్-1 విద్యార్థికి పెల్ గ్రాంటు లేదు. చదువు సాగుతున్నప్పుడు క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పని చేసుకోవచ్చు. అంటే మామూ చెప్పిన ఖర్చు ఒకటి, మీరు కట్టబోయే ఖర్చు ఇంకొకటి.

ఇక క్రెడిట్ల విషయం. ఆ దేశంలో తొలి పబ్లిక్ జూనియర్ కాలేజీ చికాగోకు దగ్గర్లోనే, జోలియట్‌లో 1901లో మొదలైంది. రెండేళ్లు అలాంటి కాలేజీలో, మిగతా రెండేళ్లు యూనివర్సిటీలో అనే పద్ధతి అప్పటి నుంచీ ఉంది. మంచి పద్ధతే. ఇల్లినాయ్‌లో రాష్ట్రమంతటికీ కలిపి క్రెడిట్ల బదిలీకి ఐఏఐ అనే ఒప్పందం పెట్టుకున్నారు. అందులోని జనరల్ ఎడ్యుకేషన్ కోర్సుల మూట 12 నుంచి 13 కోర్సులు, 37 నుంచి 41 క్రెడిట్లు. ఇంగ్లిష్ రాత రెండు, ప్రసంగం ఒకటి, మ్యాథ్స్ ఒకటి లేదా రెండు, సైన్స్ రెండు, హ్యుమానిటీస్-ఫైన్ ఆర్ట్స్ మూడు, సోషల్ సైన్సెస్ మూడు. టెక్సస్‌లో ఇలాంటిదే 42 క్రెడిట్ల కోర్ కరికులమ్. కాలిఫోర్నియాలో 2025 నుంచి క్యాల్-జీఈటీసీ అని ఒక్కటే పట్టిక తెచ్చారు.

ఆ ఇల్లినాయ్ జాబితా మరోసారి చదవండి. చరిత్ర, సమాజశాస్త్రం, సాహిత్యం, సంగీతమో చిత్రకళో ఒకటి. ఇదే తండ్రితో "మీవాడికి పుస్తకాలంటే ఇష్టం, సిటీ కాలేజీలో హిస్టరీ, ఎకనామిక్స్‌తో బీఏ ఎందుకు వద్దు?" అని అడిగి చూడండి. "బీఏనా! చుట్టాలకు ఏం చెప్పుకోవాలి సార్?" అంటాడు. నయాపుల్ దగ్గర దాదాపు ఉచితంగా దొరికే హిస్టరీ పరువు తక్కువ. అదే హిస్టరీ డాలర్లు పోసి చికాగోలో చదివితే గొప్ప. సిటీ కాలేజీలో ఒకప్పుడు కవి మఖ్దూం మొహియుద్దీన్ లెక్చరర్‌గా పాఠాలు చెప్పాడు. ఆ భవనం పక్కనుంచి రోజూ బండి మీద పోతూ కూడా అది తమ పిల్లల కోసం కట్టిందని మనవాళ్లకు తోచదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. పాతబస్తీ నుంచి వెళ్లాలనుకునే అబ్బాయిల్లో ఎక్కువమందికి కావలసింది కంప్యూటర్స్ లేదా ఇంజనీరింగ్. జనరల్ ఎడ్యుకేషన్ క్రెడిట్లు 40 ఉన్నా ఇంజనీరింగ్‌లో మూడో ఏడాది విద్యార్థి అయిపోరు. అక్కడ మేజర్‌లోకి (ప్రధాన సబ్జెక్టులోకి) రానివ్వాలంటే కాలిక్యులస్ వరసగా పూర్తి చేయాలి, ఫిజిక్స్ చేయాలి, ప్రోగ్రామింగ్ చేయాలి. వీటిలో చాలావరకు ఒకదాని తర్వాత ఒకటి తప్ప కలిపి చదవలేని కోర్సులు. మొదటి సెమిస్టర్‌లో తేలిగ్గా ఉన్నాయని సోషియాలజీ, సంగీత పరిచయం తీసుకుని కాలిక్యులస్ వాయిదా వేసిన పిల్లవాడు, రెండేళ్ల తర్వాత క్రెడిట్లన్నీ బదిలీ అయినా ఇంకో మూడేళ్లు చదవాల్సి వస్తుంది. ఇంజనీరింగ్‌కు పోయేవాళ్లు ఈ మూట ముందే పూర్తి చేయనక్కర్లేదని, మేజర్ కోర్సులు ముందు చూసుకోవాలని ఇల్లినాయ్ ఒప్పందంలోనే చెప్పారు. ఇక్కడ కన్సల్టెన్సీలో కూర్చున్నవాడు అది చెప్పడు.

ఉర్దూ మీడియంలోనో తెలుగు మీడియంలోనో చదివిన పిల్లలకు మరో దెబ్బ పొంచి ఉంటుంది. చాలాచోట్ల చేరగానే ప్లేస్‌మెంట్ పరీక్ష పెడతారు. ఇంగ్లిష్‌లో, మ్యాథ్స్‌లో స్థాయి తక్కువని తేలితే ముందు సన్నాహక కోర్సుల్లో వేస్తారు. వాటికీ ఫీజు కట్టాలి. సాధారణంగా ఆ క్రెడిట్లు పట్టాకు లెక్కలోకి రావు, యూనివర్సిటీకి బదిలీ కావు. ఒక్కో సెమిస్టర్, ఒక్కోసారి ఏడాది, అలా కరిగిపోతుంది. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు తానేదో తప్పు చేసినట్టు ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెడతాడు. ఇంట్లో ఎవరికీ కారణం తెలియదు.

రాష్ట్రం మారినా లెక్క మారుతుంది. ఐఏఐ హామీ ఇల్లినాయ్‌లో అందులో చేరిన కాలేజీలకే. చికాగోలో రెండేళ్లు చదివి, చలి పడక హ్యూస్టన్ మేనమామ దగ్గరికి పోతే అక్కడి యూనివర్సిటీ ఒక్కో కోర్సూ విడిగా చూసి నిర్ణయిస్తుంది. కొన్ని మేజర్‌కు పనికొస్తాయి, కొన్ని ఉత్త ఎలక్టివ్‌లుగా మిగులుతాయి. "క్రెడిట్లు ట్రాన్స్‌ఫర్ అయ్యాయి" అన్న మాటకూ "పట్టాకు పనికొచ్చాయి" అన్న మాటకూ మధ్య లక్షల రూపాయల తేడా ఉంది.

కాబట్టి అడగాల్సింది చేర్చుకునే కమ్యూనిటీ కాలేజీని కాదు, చివరికి పట్టా ఇవ్వబోయే యూనివర్సిటీని. ఈ కోర్సు నా మేజర్‌లో దేని బదులు లెక్కిస్తారు? ఎంత గ్రేడు రావాలి? రెండేళ్ల కాలేజీ నుంచి గరిష్ఠంగా ఎన్ని క్రెడిట్లు తీసుకుంటారు? డిపార్ట్‌మెంట్‌లో సీటు విడిగా సంపాదించుకోవాలా? ఇల్లినాయ్‌కి ఐట్రాన్స్‌ఫర్, కాలిఫోర్నియాకి అసిస్ట్ అనే వెబ్‌సైట్లు ఏ కోర్సులు బదిలీ అవుతాయో చెప్పే పట్టికలు ఉచితంగా చూపిస్తాయి. జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. ఫోన్‌లో చెప్పింది ఎవరికీ గుర్తుండదు.

కన్సల్టెన్సీల గురించి నాకు ఓపిక లేదు, దాచుకోను కూడా. "మా సేవ ఉచితం" అని బోర్డు పెట్టినవాడికి అవతలి కాలేజీ కమీషన్ ఇస్తుందని అర్థం. అతని సలహా ఆ కమీషన్ వైపే ఒరుగుతుంది. ఇంకొందరు బ్యాంకు ఖాతాలో నెల రోజులు డబ్బు వేసి చూపిస్తామంటారు, వడ్డీ తీసుకుంటారు. అది వీసా అధికారిని మోసగించడమే, పట్టుబడితే పోయేది పిల్లవాడి భవిష్యత్తు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు, 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ వ్యవహారం బయటపడినప్పుడు నష్టపోయినవాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. ఫార్మింగ్టన్ అయితే అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే వల పన్ని నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ. ఆ రెండూ కమ్యూనిటీ కాలేజీలు కావు. కానీ క్లాసుకు పోకుండా వీసా స్టేటస్ నిలబెట్టుకోవచ్చని ఆశపెట్టిన దళారులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

దీని వెనక ఇంకో సంగతి ఉంది, చాలా ఇళ్లలో పైకి అనరు. 18 ఏళ్ల పెద్దకొడుకు అమెరికా పోతే ఇంటికి డబ్బు పంపుతాడని ఆశ. గ్యాస్ స్టేషన్‌లో చాటుగా పని చేస్తే వీసా పోతుందని తెలిసీ ఆ ఆశ వదులుకోరు. అదే ఇంట్లో వాడికన్నా మార్కులు ఎక్కువ వచ్చిన చెల్లెలిని డిగ్రీకి పంపాలంటే బస్సు పాస్ దగ్గర బేరమాడతారు. అబ్బాయి ప్రయాణానికి తల్లి నగలు తాకట్టు పెట్టే ఇల్లు, నడిచిపోయేంత దూరంలో హుస్సేనీ ఆలంలో ఉన్న ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీలో ఆడపిల్ల ఫారం నింపడానికి నాలుగు రోజులు ఆలోచిస్తుంది. ఇది చదువు మీద పెట్టుబడి కాదు. మామూ ముందు, మొహల్లా ముందు చెప్పుకునేందుకు పెట్టే ఖర్చు.

నేను చెప్పే దారి సాదాసీదాది. ఇంటర్ పాసైతే డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్‌లో సిటీ కాలేజీ, హుస్సేనీ ఆలం, ఫలక్‌నుమా ప్రభుత్వ కాలేజీలు ఆప్షన్లుగా పెట్టొచ్చు. మన డిగ్రీల్లోనూ 2016-17 నుంచి క్రెడిట్ల పద్ధతే. 2021 జులైలో యూజీసీ తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (ఏబీసీ)లో డిజీలాకర్ ద్వారా ఖాతా తెరుచుకుంటారు. అయితే దీని చుట్టూ కూడా భ్రమలు పెరిగాయి. ఏబీసీ ఐడీ పాస్‌బుక్కు లాంటిది. జమ ఎంతో చూపిస్తుంది కానీ ఏ కౌంటర్‌లో చెల్లుతుందో అవతలివాళ్ల ఇష్టం. క్రెడిట్లు మనం వేసుకోలేం, కాలేజీయే వేయాలి. ఏడేళ్లు దాటితే చెల్లవు. పట్టా ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించి ఉండాలి. అమెరికా యూనివర్సిటీలు ఏబీసీ ఐడీ అడగవు. మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్, సిలబస్ అడుగుతాయి.

ఇంజనీరింగే కావాలంటే మనదగ్గర క్రెడిట్ బదిలీకి అన్నిటికన్నా నమ్మకమైన దారి చాందులాల్ బారాదరిలో ఉంది. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి కులీ కుతుబ్‌షా ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఈ లేటరల్ ఎంట్రీ వాళ్లకు విడిగా సీట్లు ఉంటాయి. మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినవాళ్లూ ఈసెట్ రాయవచ్చు. చాలామంది లెక్చరర్లకే గుర్తుండని విషయం ఇది. ఇంటర్ తర్వాత లక్షలు పోసి మేనేజ్‌మెంట్ కోటాలో చేర్చే తండ్రులకు పాలిటెక్నిక్ అంటే చిన్నచూపు. వర్క్‌షాప్‌లో మెషిన్ మీద చేతులు పెట్టి నేర్చుకుని బీటెక్‌కు వచ్చిన పిల్లలు ప్రాజెక్టు దగ్గర ఎలా నిలబడతారో వాళ్లు చూసి ఉండరు.

అమెరికా వద్దని నేను అనను, పీజీకి వెళ్లమంటాను. మైనారిటీ విద్యార్థులకు సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట ఉన్న పథకం ఉన్నాయి. ఇవన్నీ పీజీ ఆపై చదువులకే. ఇంటర్ తర్వాత కమ్యూనిటీ కాలేజీకి పోయేవాడికి పైసా రాదు. ఒక్క జాగ్రత్త: కొన్ని యూనివర్సిటీలు మాస్టర్స్‌కు 16 ఏళ్ల చదువు అడుగుతాయి, మూడేళ్ల డిగ్రీతో 15 ఏళ్లే అవుతుంది. బీఎస్సీ, బీకాం వాళ్లు ఇక్కడే సీపీగెట్ రాసి ఎంఎస్సీయో, ఐసెట్ రాసి ఎంసీఏనో చేసి వెళ్తే ఆ బెడద ఉండదు.

కమ్యూనిటీ కాలేజీ నిజంగా ఎవరికి మేలంటే, కుటుంబ పిటిషన్ మీద గ్రీన్‌కార్డుతో వెళ్లే పిల్లలకు. తోబుట్టువులకు వేసే ఎఫ్-4 పిటిషన్లు ఏళ్లకేళ్లు నానుతాయి. ఇక్కడ డిగ్రీ సగంలో ఉండగా హఠాత్తుగా ఇంటర్వ్యూ లేఖ వస్తుంది. అలాంటి ఇళ్లకు నా సలహా వేరు: వెళ్లగానే ఊరి ఫీజుకు ఎన్నాళ్లు అక్కడ నివాసం ఉండాలో కనుక్కుని, దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో చేరండి. పోయేముందు ఉస్మానియా పరీక్షల విభాగం నుంచి చదివిన సెమిస్టర్లకు ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకోండి. ప్రతి పేపరు సిలబస్ మీదా కాలేజీ ముద్ర వేయించుకోండి. సిటీ కాలేజీ అటానమస్, దాని సిలబస్ దానిదే. ఉస్మానియా సైట్‌లో దొరుకుతుందని అనుకుంటే దొరకదు. ఇంటర్ మార్కులకు సాధారణంగా కాలేజీ క్రెడిట్ ఇవ్వరు గానీ, డిగ్రీలో చదివిన ఇంగ్లిష్, ఎకనామిక్స్, హిస్టరీ పేపర్లు అక్కడి జనరల్ ఎడ్యుకేషన్‌లో సర్దుకునే అవకాశం ఉంది. సిలబస్ చేతిలో ఉన్నవాడికే ఆ అవకాశం.